పద్దెనిమిది నియమాల బండి

స్మృతి నగర్, భిలాయి
10-12-1995, ఆదివారం

నాన్నకు రజనీకుమారి నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. రిటైరయ్యాక కూడా గాజువాకలో ఉక్కు ఫ్యాక్టరీ పనికి వెళ్లిన నువ్వూ, నీ గదిలో ఉండే గోపాలం బాబాయీ ఒంట్లో ఏ నలతా లేకుండా ఉన్నారని అనుకుంటున్నాను. అమ్మ సంగతి ఈ ఉత్తరంలో కిందికి వెళ్లాక రాస్తాను. ముందే రాస్తే మిగతాది నువ్వు వినవు.

ఉత్తరంలో తండ్రిని ‘మీరు’ అనాలని నాకు బళ్లో నేర్పారు. ఇప్పుడు నేనూ పిల్లలకి అదే నేర్పుతున్నాను. కానీ ఇంత కోపంలో మీరు అని రాయడం నాకు రావడం లేదు. ఇంట్లో పిలిచినట్టే రాస్తాను.

ఇది చదివి వినిపించే గోపాలం బాబాయ్‌కి ఒక మాట. బాబాయ్, కోపంగా రాసిన చోట కోపంగానే చదవండి. పోయినసారి ‘నన్ను అడక్కుండా మాట ఎందుకిచ్చావు’ అని నేను రాస్తే, ‘నువ్వు సంతోషించినందుకు నాకూ సంతోషం’ అని నాన్న జవాబు వచ్చింది. మీ ఇద్దరి మంచాల మధ్య నా ఉత్తరానికి ఏం జరిగిందో నాకు తెలుసు. ‘అంబాసిడర్ అయితే రాజాలాగుంటాది’ అన్న వాక్యం కూడా నాన్నది కాదు, మీదే. మీ అభిప్రాయాలు వేరే కాగితం మీద రాయండి, తప్పకుండా చదువుతాను.

నాన్నా, ఇక నువ్వు అడిగినవాటికి జవాబులు.

రేకు కొట్టి చూశావా అని అడిగావు. చూశాను. పరబ్రహ్మం మావయ్య అంబాసిడర్ తలుపు మీద వేలి కణుపుతో కొడితే ఖంగుమంది. మారుతి మీద కొడితే బిస్కెట్ల డబ్బా మీద కొట్టినట్టుంది. అయితే ఏమిటి? ఇక్కడి ఉక్కు మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసి, బీరువా కొన్నా నీళ్ల డ్రమ్ము కొన్నా బస్సెక్కినా ముందు కొట్టి చూడడం నీకు అలవాటైపోయింది. నీకే కాదు, ఈ ఊళ్లో నీ ఈడు మగవాళ్లందరికీ. ‘రేకు మందంగుంటే బండికి తిరుగునేదు. అది మన ఉక్కు. కళ్లు మూసుకొని తీసీసుకో’ అని రాయించావు. నేను కళ్లు మూసుకుని నడపలేను నాన్నా. రేకు మందంగా ఉన్నంత మాత్రాన డిసెంబరు పొద్దున్న ఏడు గంటలకి ఇంజను తిరగదు.

డ్రైవర్ని పెట్టుకోవచ్చు కదా అని అడిగావు. పెట్టుకోను. వేసవిలో నేర్చుకున్నాను, లైసెన్సు వచ్చింది. నడిపేది నేనే.

అమ్మ వ్యాయామం మానకుండా చేస్తోందా అని అడిగావు. బండి ఎందుకు కావాలో నీకు గుర్తుందన్నమాట! సోమ, బుధ, శుక్రవారాలు ఎనిమిదింటికి సెక్టార్ 9 ఆసుపత్రిలో ఉండాలి. పక్షవాతం వచ్చి తొమ్మిది నెలలైంది. కుడి చెయ్యీ కాలూ మొదటి ఏడాదిలో ఎంత కోలుకుంటే అంతేనని డాక్టరు చెప్పింది నీ ఎదురుగానే. అంటే మార్చి వరకే గడువు. వానాకాలంలో ఆటోవాడు ‘ఆజ్ నహీ హోగా దీదీ’, ఇవాళ కుదరదు అని రెండు వారాలు ఎగ్గొడితే, అప్పటికి విచ్చుకున్న వేళ్లు మళ్లీ ముడుచుకుపోయాయి. నేను కారు అడిగింది షికార్లకి కాదు, ఆ వేళ్ల కోసం. ఆ వేళ్లకి కావలసింది మందపాటి రేకు కాదు. తాళం తిప్పగానే కదిలే బండి.

అది ఏ బండో కనుక్కోవడానికి నేను ఎంత తిరిగానో నీకు తెలియదు. మొదట మగవాళ్లని అడిగాను. బండి మంచిదేనా అని అడిగితే చాలు, ప్రతివాడూ బానెట్ ఎత్తేవాడు. ఈ ఊళ్లో ఎవరిని కదిపినా ఫిట్టరో, వెల్డరో, ఎలక్ట్రీషియనో. ‘ఆగితే ఏటమ్మా, పది నిమిషాల పని, పానా ఒకటుంటే సాలు’ అంటారు. బండి ఆగడం వాళ్లకి కష్టం కాదు, ఆదివారం కాలక్షేపం. ఒక్కడూ తన బండి ఆగిపోయిందని ఒప్పుకోలేదు.

నేను బళ్లో లెక్కల టీచర్ని. జవాబు తప్పుగా వస్తోందంటే ప్రశ్న తప్పయి ఉండాలి. అందుకని మగవాళ్లని వదిలేసి వాళ్ల భార్యల్ని అడిగాను. ‘పోయిన ఏడాది బండిని ఎన్నిసార్లు తోశారు?’ అని.

నాన్నా, భిలాయిలో బండి ఆగితే మొగుడు స్టీరింగ్ పట్టుకుంటాడు, పెళ్లాం దిగి తోస్తుంది. పెళ్లికి వెళ్తున్న పట్టుచీరతో తోసినవాళ్లున్నారు. ఏడో నెల కడుపుతో తోసినామె ఉంది. పరబ్రహ్మం మావయ్య భార్య సత్యలక్ష్మి అత్తని అడిగితే నవ్వి, ‘ఏడాదికి అడుగుతావేటే? వారానికి అడుగు, సెప్పగల్ను’ అంది.

ఆసుపత్రిలో మణిమాల సిస్టర్ ఉంది కదా, రైల్వేవాళ్లమ్మాయి, అమ్మ ఎడమ చేతికి గాజులు తొడిగి ఆటపట్టించేది. ఆమె ఐదేళ్లుగా మారుతి నడుపుతోంది, ఒక్కతే. ఆమెనీ అదే అడిగాను.

‘తోయడమా? ఎవరిని?’ అంది.

బానెట్ ఎలా తెరుస్తారో తనకి ఇప్పటికీ తెలియదట. ఏడాదికి రెండుసార్లు సర్వీసింగ్‌కి ఇస్తుంది, మిగతా రోజులు తాళం తిప్పుతుంది. జనవరిలో మస్కట్‌లో ఉద్యోగానికి వెళ్తోంది, బండి అమ్ముతోంది. నేను వెతుకుతున్నది ఆ బండేనని ఆ క్షణంలో తెలిసిపోయింది.

సరిగ్గా ఆ వారమే నీ కార్డు వచ్చింది. పరబ్రహ్మానికి మాటిచ్చేశాననీ, మా పిల్ల నీ బండే తీసుకుంటుందని చెప్పేశాననీ. నడిపేది నేను, ఎక్కేది అమ్మ, జీతంలోంచి లోను కట్టేది నేను. మాట మాత్రం నీది! ఆరొందల కిలోమీటర్ల అవతల కూర్చుని, నీ పాత స్నేహితుడికి రిటైరయ్యాక తెల్లబండి బరువైపోయిందని జాలిపడి, ఆ బరువు నా నెత్తిన పెట్టావు. ఇంట్లో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే అని నలుగురిలో గొప్పగా చెప్పుకుంటావు కదా. ఆసుపత్రి కాగితాలూ, పింఛను కాగితాలూ, ఇంటి కాగితాలూ అన్నీ నేనే చదవాలి. కానీ నిర్ణయం మాత్రం నాకు చెప్పాలనిపించినప్పుడు కార్డు ముక్క మీద చెప్తావు.

అయినా నీ మాట పోకూడదని వారం రోజులు నడిపి చూస్తానన్నాను. పోయిన ఆదివారం మావయ్య బండి తెచ్చి గేటు ముందు పెట్టాడు. దాన్ని తుడిచి తుడిచి అద్దంలా ఉంచాడు, అది ఒప్పుకోవాలి. నన్ను పక్కన కూర్చోబెట్టి నియమాలు చెప్పాడు. నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. మొత్తం పద్దెనిమిది. చోకు సగం లాగి పదకొండు లెక్కపెట్టాలి. యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కాలి, మూడోసారి తొక్కితే ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. రెండో గేరు పడకపోతే మూడులో వేసి వెనక్కి రావాలి. పెట్రోలు ముల్లు పనిచెయ్యదు, గాట్లు పెట్టిన కర్రపుల్ల ముంచి చూసుకోవాలి. ఎడమ వెనక తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. ఇలాంటివి.

‘ఇయ్యి తెలిస్తే నీకు జన్మలో ఇబ్బంది రాదమ్మా’ అన్నాడు.

సోమవారం సాయంత్రం సుపేలాలో లఖన్ మెకానిక్‌కి చూపించాను. అతను లోపలికి తొంగిచూసి, నా వైపు జాలిగా చూశాడు. చెప్పు అట్ట కోసి చేసిన వాషర్లు, ఎక్కడెక్కడివో స్ప్రింగులు, మావయ్య సొంతంగా మలిచిన ముక్కలు. ‘ఏ గాడీ కే డాక్టర్ ఏకే ఝన్ హే, దీదీ’ అన్నాడు. ఈ బండికి డాక్టరు ఒక్కడే. ఆ డాక్టరుకి అరవై రెండేళ్లు, కంటిలో శుక్లం ఉంది.

ఇప్పుడు అమ్మ సంగతి. బాబాయ్, ఇక్కడ ఆపి నాన్నని కూర్చోమనండి.

బుధవారం పొద్దున్న ఏడున్నరకి బయల్దేరాం. సుపేలా రైల్వే గేటు పడి ఉంది. గేటు లేచాక పట్టాలు దాటి వంద గజాలు వెళ్లేసరికి బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. గేటు దగ్గర నిలబడిన లారీలూ స్కూటర్లూ అన్నీ వెనక హారన్లు మోగిస్తున్నాయి. ఒకడు దిగి తోయమని ‘అరే మేడమ్, ధక్కా లగావో’ అంటూ అరుస్తున్నాడు. నేను చోకు లాగి లెక్కపెడుతున్నాను. ఎనిమిదో తొమ్మిదో అంటుండగా పక్క తలుపు తెరుచుకున్న చప్పుడైంది. అమ్మ దిగుతోంది.

‘ఎక్కడికి?’ అన్నాను.

‘నువ్వు స్టీరింగ్ పట్టుకో. నాను తోత్తాను’ అంది. పక్షవాతం వచ్చాక ఆమె మాట ముద్దగా వస్తుంది కదా, కానీ ఆ మాట స్పష్టంగా వచ్చింది.

నేను దిగి వెళ్లేలోపు, కాలు ఈడ్చుకుంటూ వెనక్కి వెళ్లి, ఉన్న ఒక్క మంచి చెయ్యీ డిక్కీ మీద ఆనించి తోసింది. ఎవరో కుర్రాళ్లు వచ్చి పక్కనుంచి గట్టిగా నెట్టారు. బండి ముందుకి కదిలింది. ఆనుకున్న ఆధారం పోయి అమ్మ ముందుకి పడింది. ఎడమ చెయ్యి కిందికి వెళ్లింది. మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు.

ఎడమ చెయ్యి, నాన్నా. తొమ్మిది నెలలుగా అన్నీ చేసుకుంటున్న చెయ్యి. ఇప్పుడు ఆమెకి ఒక్క చెయ్యీ లేదు. అన్నం నేనే కలిపి పెడుతున్నాను. జుట్టు నేనే దువ్వుతున్నాను. మిగతావి ఉత్తరంలో, అందులోనూ బాబాయ్ చదివే ఉత్తరంలో రాయలేను. నేను బడికి వెళ్లిన గంటలు పక్కింటి సీతాలక్ష్మి గారు వచ్చి కూర్చుంటున్నారు. శుక్రవారం వ్యాయామానికి రిక్షాలో తీసుకెళ్లాను. మానలేదు.

నడిరోడ్డు మీద పడిన అమ్మని చూసి నేను మొదట చేసిన పని ఏమిటో తెలుసా? తిట్టాను. ‘ఎవరు దిగమన్నారు నిన్ను?’ అని అందరి ముందూ అరిచాను. ఎవరూ దిగమననక్కర్లేదు. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో చూసిందే చేసింది.

ఆ సాయంత్రమే లఖన్ చేత బండిని రుఆబాంధాలో మావయ్య ఇంటి ముందు పెట్టించి, ‘మీ ఇంజను దారిలో చచ్చిపోయింది, మా అమ్మ చెయ్యి విరిగింది, మీ బండి మాకొద్దు’ అని చీటీ రాసి పంపాను. నీకు కూడా అంతే రాసి ఊరుకుందామనుకున్నాను.

కానీ శుక్రవారం సత్యలక్ష్మి అత్త అమ్మని చూడటానికి వచ్చింది. మావయ్య బుధవారం నుంచి సరిగ్గా తినడం లేదంది. స్టార్ట్ చేస్తే బండి స్టార్ట్ అవుతోందట. మరి ఆ రోజు ఎందుకు ఆగిందో తెలియక ఇంజను మొత్తం విప్పేశాడట. ఒక్కొక్క ముక్కా పాత పేపర్ల మీద పెట్టి, సుద్దముక్కతో అంకెలు వేసి, శుక్లం కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడట. ‘ఎక్కడో తప్పున్నాది, నాకు కనపడ్డం నేదు’ అని తనలో తనే అనుకుంటున్నాడట.

ఆ తప్పు ఆయనకి కనపడదు నాన్నా. అది ఇంజనులో లేదు.

పెట్రోలు అయిపోయింది. అంతే. బండిని తోసుకొచ్చి తన కొట్టు ముందు పెట్టాక లఖన్ చూసి చెప్పాడు, ‘టంకీ సుక్ఖా హే దీదీ’ అని. రెండు లీటర్లు పోస్తే వెంటనే స్టార్ట్ అయింది. పదమూడో నియమం. మంగళవారం సాయంత్రం పుల్ల ముంచి చూడాలి. పరీక్ష కాగితాలు దిద్దుతూ మరిచిపోయాను. పద్దెనిమిదిలో పదిహేడు పాటించాను. ఒక్కటి మరిచాను, అమ్మ చెయ్యి విరిగింది. ఎవరికీ చెప్పొద్దని లఖన్‌ని అడిగి, ఇంజను చచ్చిపోయిందని నా చేత్తో నేనే అబద్ధం రాశాను. ఇంట్లో చదువు వచ్చినదాన్ని కదా, చీటీ బాగా రాశాను.

ఎందుకు రాశానో కూడా చెప్తాను. నిజం చెప్తే మీరందరూ ఏమంటారో తెలుసు. ‘ఆడపిల్ల, చూసుకోలేదు’ అంటారు. బండి మంచిదే, పిల్లే పనికిరాదు అంటారు. అది ఒప్పుకోవడం కంటే మావయ్య నోట్లో మన్ను కొట్టడమే నాకు సులువుగా అనిపించింది.

తప్పు నాది. అయినా నా కోపం తగ్గలేదు, విను. నేను మరిచిపోయే మనిషిని. ఉద్యోగం ఉంది, వంట ఉంది, అమ్మ ఉంది. ఏదో ఒక రోజు ఏదో ఒకటి మరిచిపోతాను. మరిచిపోయిన రోజు కూడా నా ప్రాణం తీయని బండి నాకు కావాలి. పెట్రోలు అయిపోతోందని తానే చెప్పే ముల్లున్న బండి కావాలి. పద్దెనిమిది గుర్తుపెట్టుకుంటే నడిచే బండి మావయ్యకి మంచిదే కావచ్చు, నాకు కాదు. ఈ మాట నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి అనడం లేదు. తప్పు చేయకముందూ ఇదే అన్నాను. నువ్వే వినలేదు.

ఇంత రాశాక ఇంకా ఇక్కడ కూర్చోలేను. రుఆబాంధా వెళ్లి ఆయనకి చెప్పి వచ్చి మిగతాది రాస్తాను.

సాయంత్రం.

వెళ్లాను. మావయ్య పెరట్లో పీట మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ ముక్కలు. నన్ను చూసి లేచి, ‘రామ్మా. అమ్మకి నొప్పి తగ్గిందేటి?’ అన్నాడు. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. పెట్రోలు సంగతి, చీటీ సంగతి, లఖన్‌ని నోరు మూయించిన సంగతి.

ఆయన గుడ్డముక్క తీసి ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

‘పుల్ల ముంచి సూళ్లేదేటి?’

‘లేదు మావయ్యా.’

‘నాలుగు రోజులు’ అన్నాడు. ‘నాలుగు రోజుల్నుంచి నా బండిని నాను అనుమానించేనమ్మా. నీ తల్లి సెయ్యి నా సేతుల్తో నానే ఇరిసేసినట్టు ముద్ద దిగలేదు నాకు. నన్ను తిట్టీసుంటే పడీసుందును. సదువుకున్న పిల్లవి, ఇలాటి పని సేత్తావా?’

నేను తల దించుకున్నాను. కానీ ఊరుకోలేకపోయాను. ‘ఆ ముల్లు ఎందుకు బాగుచెయ్యలేదు మావయ్యా? అన్నీ బాగుచేస్తారు కదా?’ అన్నాను.

‘పుల్లున్నాది గదా! ముల్లు అబద్దమాడతాది. పుల్ల ఆడదు.’

గుమ్మంలోంచి సత్యలక్ష్మి అత్త అందుకుంది. ‘పుల్లాడదు, నిజమే. బండాగిపోతే దిగి తోసిందాన్ని నాను. ఇరవై రెండేళ్లు తోసేను. బాగుసెయ్యడం వొచ్చినోడికి ప్రతి బండీ మంచిదే. ఆ పిల్లకి రాదు. రాకపోతే తప్పేటి? రానోళ్లు ఆస్పత్రికి ఎల్లక్కర్నేదా?’

‘నువ్వు లోపలికెళ్లు’ అన్నాడు మావయ్య.

‘ఎల్లను. నాను తోసిన బండి గురించి నాను మాటాడతాను.’

ఆయన ఆమె వైపు చూసి, ఆ ముక్కల వైపు చూసి, మళ్లీ కూర్చున్నాడు. నా మొహం చూడకుండా, ‘ఈ బండి నీకు అమ్మను. మీ నాన్న సినబాబుకి నానే కబురెడతాను, మాటా నేదు ఏటీ నేదని’ అన్నాడు. ఆ గొంతులో దయ లేదు. నన్ను క్షమించలేదు. క్షమించమని నేనూ అడగలేదు, ఇంకా అడిగే అర్హత రాలేదు. మంచినీళ్లిచ్చింది అత్తే.

కాబట్టి నువ్విచ్చిన మాట నుంచి నువ్వు బయటపడ్డావు, నువ్వేమీ చెయ్యకుండానే. దానికీ నాకు కోపంగానే ఉంది. వచ్చే శుక్రవారం మణిమాల సిస్టర్ బండి తీసుకుంటున్నాను. అడగడం లేదు, చెప్తున్నాను.

ఇంటికి వచ్చి అమ్మ పక్కన కూర్చుని ఆమెకీ చెప్పాను. పెట్రోలు అయిపోయింది, తప్పు నాది అని.

‘తెల్సు’ అంది.

లఖన్ కొట్టు ముందు స్టూలు మీద, వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడే ఆమె విందట. నాలుగు రోజులుగా నేను అన్నం పెడుతుంటే తింటూ, నేను మావయ్యని తిడుతుంటే వింటూ, తెలిసీ ఊరుకుంది.

‘మరి ఎందుకు చెప్పలేదే అమ్మా?’

‘నన్నెవులడిగేరు?’ అంది.

నాన్నా, ఊళ్లో ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లందరినీ అడిగినదాన్ని, ఇంట్లో ఉన్న ఆమెని ఒక్కసారి కూడా అడగలేదు. నీ మీద ఇన్ని పేజీలు కోప్పడ్డాను, నేను చేసిందీ నువ్వు చేసిందే. అప్పుడు అడిగాను. నీకెలాంటి బండి కావాలమ్మా అని.  మాట కూడదీసుకోవడానికి ఆమెకి టైం పడుతుంది, తొందరపెట్టకుండా కూర్చున్నాను.

‘మజ్జిలో దిగక్కర్నేని బండి’ అంది.

నువ్వు నాకు జవాబు రాయనక్కర్లేదు. నన్ను తిట్టాలనుంటే నువ్వు వచ్చాక తిట్టు, పడతాను. ఈసారి ఉత్తరం అమ్మ పేరున రాయించు. పెళ్లై ముప్పై నాలుగేళ్లలో ఆమె పేరున నీ దగ్గర్నుంచి ఒక్క ఉత్తరమూ రాలేదు, ఆమెకి చదవడం రాదు కదా అని. కవరు మీద కన్నమ్మ అని రాయమను బాబాయ్‌ని. చెయ్యి ఎలా ఉందని అడుగు. నువ్వు రావాలో అక్కర్లేదో ఆమెనే అడుగు. ఒక్క మాట కూడా మార్చకుండా నేను చదివి వినిపిస్తాను, ఆమె చెప్పిన జవాబు అలాగే రాసి పంపుతాను.

ఇట్లు,
కోపంతోనే, నీ కూతురు
రజనీకుమారి